పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం కూడా కాదు

గండికోటలో పొద్దు వాలే వేళకు వచ్చినవాళ్లంతా లోయ అంచుకు చేరతారు. పెన్న ఎర్రమల కొండల్ని రెండుగా చీల్చిన చోట, రాతి పలకల మీద కాళ్లు చాపుకుని, ఫోన్లు పైకెత్తి, బండలు ఎర్రబడడం చూస్తారు. మొన్న చలికాలంలో ఆ పలకల మీదే ఒక కుర్రాడు కనిపించాడు. భుజాన పొడుగాటి సంచీ, సంచీ మూతిలోంచి ఒక గొట్టం కొస. జామా మసీదు మినార్ల వైపు నుంచి లేచిన పావురాల గుంపు లోయ మీద చుట్టు తిరుగుతుంటే తలెత్తి వాటినే లెక్క కడుతున్నాడు. అదేంది అబ్బీ అనడిగితే దాచలేదు. "ఎయిర్ గన్నునా. దీనికి లైసెన్సేం పన్లేదు. అంగట్లో దుడ్లిచ్చి తెచ్చుకుండేదే" అన్నాడు.

జమ్మలమడుగు నుంచి బనగానపల్లె దాకా ఈ మాట నేను చాలామంది నోట విన్నాను. చదువుకున్నవాళ్లూ అంటారు, సేద్యం చేసేవాళ్లూ అంటారు. ఆ మాటలో అబద్ధం లేదు. చాలా ఎయిర్ గన్నులకు లైసెన్సు అక్కర్లేదు. అయితే దాని వెనకే పైకి అనని మాట ఇంకొకటి వస్తుంది. కాబట్టి దాంతో పిట్టను కొడితే ఏం కాదు, చెవులపిల్లిని కొడితే అడిగేవాడు లేడు, మనం కొన్నది బొమ్మకు కాస్త పెద్దన్న, తుపాకీకి బాగా చిన్న తమ్ముడు. నా గొడవంతా ఆ 'కాబట్టి'తోనే.

ముందు చట్టం సంగతి చెప్పేస్తాను, అది చిన్నదే. ఆయుధాల నిబంధనలు 2016లో గీసిన గీత ప్రకారం గొట్టం 4.5 మిల్లీమీటర్లకు మించకుండా, పెల్లెట్ బయటికి వచ్చేటప్పుడు శక్తి 20 జౌళ్లు దాటకుండా ఉంటే ఆ గాలి తుపాకీకి లైసెన్సు అక్కర్లేదు. రెంటిలో ఏది దాటినా కావాలి. అంగట్లో 'పాయింట్ టూ టూ' అని పిలిచే 5.5 మిల్లీమీటర్ల గొట్టం ఆ గీతకు అవతలే ఉంది. ఈ నిబంధన పట్టించుకున్నది ఇనుమును, గాలిని, సీసాన్ని. పిట్ట ఊసు అందులో లేదు. పిట్ట సంగతి చెప్పేది వేరే చట్టం, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం. అది తుపాకీని చూడదు. ఉచ్చుతో పట్టినా, వలేసినా, ఉండేలుతో కొట్టినా, మందు పెట్టినా, కుక్కల్ని ఉసిగొల్పినా దానికి అన్నీ వేటే. గురి తప్పినా వేటే, ఎందుకంటే ప్రయత్నాన్ని కూడా ఆ చట్టం వేటలోనే కలిపింది. 2022 సవరణ తర్వాత కౌజు, పూరేడు, గువ్వ, చెవులపిల్లి రెండో షెడ్యూల్లోకి వచ్చాయి. వాటి జోలికి పోతే మూడేళ్ల దాకా జైలు, లేదంటే లక్ష దాకా జరిమానా, లేదంటే రెండూ. నెమలి, ఉడుము మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. అక్కడ జైలు మూడేళ్ల నుంచి మొదలై ఏడేళ్ల దాకా పోతుంది. కత్తికి లైసెన్సు లేదని ఎవరి గొంతైనా కోయొచ్చని అనుకునేవాడు మన ఊళ్లలో లేడు గదా. ఎయిర్ గన్ను దగ్గరికి వచ్చేసరికి మాత్రం తెలివైనవాళ్లు కూడా అలాగే ఆలోచిస్తున్నారు.

"మా తాత కొట్టేవాడు, అప్పుడు లేని తప్పు ఇప్పుడేంది?" అనేవాళ్లకు ఒక సంగతి గుర్తు చేయాలి. తాతల కాలంలో వేటకు లైసెన్సులుండేవి. 1972 చట్టంలోనే మొదట చిన్న వేటకొకటి, పెద్ద వేటకొకటి అని రకరకాల లైసెన్సులు రాసిపెట్టారు. 1991 సవరణలో ఆ సెక్షన్లన్నీ తీసేశారు. సరదాకు పిట్టను కొట్టడానికి ఈ దేశంలో ఈ రోజు ఏ కాగితమూ పుట్టదు. లైసెన్సు అక్కర్లేదని మురిసిపోయే కుర్రాడు ఆ లైసెన్సు అసలు ఎవరికీ దొరకదని తెలుసుకోలేదు.

ఈ బొమ్మ అన్న భావం ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. మనమందరం ఎయిర్ గన్నును మొదట చూసింది తిరునాళ్లలో. చెక్కకు వరసగా రంగు బెలూన్లు, గొట్టం కాస్త వంకరపోయిన గన్ను, ఇన్ని రూపాయలకు ఇన్ని గుండ్లు. బెలూను పగిలితే చప్పట్లు, పగలకపోతే నవ్వులు. చేతిలోకి అలా వచ్చిన వస్తువు మీద భయం పుట్టదు. కానీ గాలి తుపాకీ పుట్టింది బెలూన్ల కోసం కాదు. 1780 ప్రాంతంలో ఆస్ట్రియా సైన్యం జిరండోని అనే గాలి తుపాకీని యుద్ధానికే తీసుకుంది. మందుపొగ లేకుండా, వరసగా ఇరవై గుండ్ల దాకా పేల్చేదది. 1804లో అమెరికా పడమటి దిక్కుకు బయలుదేరిన లూయీస్, క్లార్క్ బృందం అలాంటి గాలి తుపాకీ ఒకటి వెంట తీసుకుపోయి దారిలో కనిపించిన చాలా తెగలవాళ్ల ముందు పేల్చి చూపించింది. బొమ్మను చూపించి ఎవరూ ఎవర్నీ బెదిరించరు.

ఇక ఈ పిల్లల రెండో పిచ్చి 'పవర్'. అంగట్లో అడిగే మొదటి మాటే, దీని స్పీడెంతని. పెట్టె మీద సెకనుకు పన్నెండు వందల అడుగులని రాసి ఉంటే కళ్లు మెరుస్తాయి. కాస్త లెక్క వేసుకుందాం, బడిలో నేర్చుకున్నదే. మామూలు 4.5 సీసం పెల్లెట్ అరగ్రాము పైచిలుకు బరువుంటుంది. దానికి 20 జౌళ్లు ఇస్తే సెకనుకు 277 మీటర్లకు అటూ ఇటూగా పోతుంది, అంటే తొమ్మిది వందల అడుగులు. అదే పెల్లెట్ పన్నెండు వందల అడుగుల వేగంతో పోవాలంటే దాదాపు 35 జౌళ్లు కావాలి. అంటే పెట్టె మీద అంకె ఏదో తేలికపాటి లోహపు పెల్లెట్ పెట్టి రాబట్టిందైనా కావాలి, లేకపోతే లోపలున్నది లైసెన్సు కావలసిన సరుకైనా కావాలి. కొనేవాడు రెండింటిలో ఏదీ అడగడు. అంకె పెద్దదైతే చాలు.

ఆ వేగం నిజంగా ఉన్నా మేలు లేదు. పెల్లెట్ నడుము సన్నగా, వెనక గౌను లాగా విచ్చుకుని ఉంటుంది. ధ్వని వేగానికి, అంటే సెకనుకు 340 మీటర్లకు, దగ్గర పడేసరికి అది గాలిలో తొణకడం మొదలుపెడుతుంది. గురి పోతుంది. స్ప్రింగు మార్చి గట్టిది వేయించుకున్నవాడి గతి ఇంకా అన్యాయం. స్ప్రింగు గన్నులో ట్రిగ్గర్ నొక్కగానే లోపల పిస్టన్ ముందుకు దూకుతుంది, తుపాకీ వెనక్కి తంతుంది. మరుక్షణం పిస్టన్ గాలి దిండును గుద్దుకుని ఆగుతుంది, తుపాకీ ముందుకు దూకుతుంది. ఇదంతా పెల్లెట్ ఇంకా గొట్టంలో ఉండగానే జరిగిపోతుంది. అందుకే ఆ గన్నును బిగించి పట్టుకోకూడదు, అరచేతిలో ఊరికే ఆనించి ఉంచాలి. స్ప్రింగు ఎంత గట్టిదైతే ఆ రెండు తన్నులూ అంత పెద్దవి, చేతి లోపం అంత పెద్దదై కనిపిస్తుంది. మామూలు స్కోపు బిగిస్తే ఆ ముందు వెనకల కుదుపుకు కొన్నాళ్లకే లోపలి గాజు వదులైపోవచ్చు. టప్ మని శబ్దం రావాలని చాంబర్లో నూనె చుక్కలు వేసేవాళ్లనూ చూశాను. ఆ నూనె మండి సీలు కాలిపోతుంది, స్ప్రింగు విరుగుతుంది. ఇన్ని డబ్బులు పోసి తుపాకీని పాడుచేసుకోవడాన్ని అప్‌గ్రేడ్ అంటున్నారు, అదీ చోద్యం.

సరే, చట్టం సంగతీ లెక్కల సంగతీ పక్కన పెట్టి పిట్ట వైపు నుంచి చూద్దాం. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటాం మనం, చిన్నదాని మీద పెద్ద బలం వాడితే. బ్రహ్మాస్త్రానికి ఒక గుణముంది, తగిలితే పని అక్కడికి ముగుస్తుంది. ఎయిర్ గన్నుకు ఆ గుణం లేదు. ముప్పై నలభై మీటర్లు పోయేసరికి పెల్లెట్ శక్తిలో మూడో వంతు దాకా గాలికే పోతుంది. మిగిలింది తలకో వెన్నుకో తగిలితే చంపుతుంది. ఆ చోటు గువ్వకు రూపాయి బిళ్లంత కూడా ఉండదు. చుట్టూ ఉన్నదంతా రెక్క, పొట్ట, తొడ. అక్కడ తగిలితే పిట్ట పడదు, పోతుంది.

పద్నాలుగేళ్లప్పుడు మా మేనమామ దగ్గరి పాత గన్నుతో చేను గట్టు మీది తుమ్మచెట్టుపై గువ్వను కొట్టాను. నాలుగు ఈకలు గాలిలో తేలాయి. గువ్వ కిందికి వాలి, నేలకు జానెడెత్తున ఎగురుతూ కంపలోకి పోయింది. ఆ రోజంతా వెతికాం. తగల్లేదులే అని మామ అన్నాడు. మూడో రోజు మేకల వెంట పోతుంటే కనపడింది, కంప మొదట్లో, చీమలు పట్టి. రెక్కలు రెండూ బాగానే ఉన్నాయి. తొడ దగ్గర చిన్న రంధ్రం, చుట్టూ నల్లగా. అది ఆ రాత్రే చచ్చిందో తర్వాత చచ్చిందో నాకిప్పటికీ తెలియదు. ఎయిర్ గన్నుతో కొట్టేవాళ్లు చెప్పే కథల్లో 'తగల్లేదు' అన్న మాట ఎంత తరచుగా వస్తుందో గమనించండి. ఆ తగలనివాటిలో కంప మొదట్లో పడినవెన్నో ఎవరూ లెక్కపెట్టరు.

దీనికి బ్రిటన్ వాళ్ల సంగతి చెప్పి అడ్డొచ్చేవాళ్లున్నారు. అక్కడ మన 20 కన్నా తక్కువ, పదహారు జౌళ్ల చిల్లర శక్తితోనే కుందేళ్లను కొడతారు గదా అని. నిజమే, కొడతారు, వాళ్ల చట్టం ఒప్పుకుంటుంది. ఈ వాదంలో నాకు ఇష్టమైంది కూడా ఉంది, ఎందుకంటే పవర్ పిచ్చిని ఇదే చంపేస్తుంది. తక్కువ శక్తితో పని జరిగేది గురి వల్లే. అక్కడి కుందేలు వేరే దేశం నుంచి తెచ్చి వదిలితే పైర్ల మీద పడి పెరిగిన జాతి. మన చెవులపిల్లి ఇక్కడే పుట్టింది, సాధారణంగా దానికన్నా పెద్దది కూడా. అక్కడ బాధ్యతున్నవాడు ముందు కాగితం మీద నెలల తరబడి కొడతాడు, ముప్పై మీటర్లు దాటితే ట్రిగ్గర్ ముట్టడు. ఇక్కడి కుర్రాడు లోయ అంచున నిలబడి అవతలి గట్టు మీది పావురానికి గురి పెడతాడు. ఓ మాదిరి అడ్డగాలికే నలభై మీటర్లలో పెల్లెట్ అంగుళాల లెక్కన పక్కకు పోతుంది. ఇక పెన్న లోయలో సాయంత్రం లేచే గాలికి పద్దెక్కడ? పైగా కిందికి వాలుగా కొడితే పెల్లెట్ అనుకున్నచోటికి పైన పడుతుందని కూడా అతనికెవరూ చెప్పలేదు. తప్పిన సీసం బండకు తగిలి ఎటు ఎగురుతుందో దానికే తెలియదు. అది మూడు వందల మీటర్ల దాకా పోగలదు. ఆ అంచునే గుడారాలు, పిల్లలతో వచ్చిన కుటుంబాలు, కళ్లు పెద్దవి చేసి లోయను చూస్తున్నవాళ్లు.

వేట మా సీమ రక్తంలో ఉంది అనే మాట ఇంకొకటి. ఉంటే ఉండనీ, ఎలాంటి వేటో చూద్దాం. సంక్రాంతి వెళ్లగానే అహోబిలం నరసింహస్వామి పారువేటకు బయలుదేరతాడు. పల్లకీ నలభై రోజుల పైగా చుట్టుపక్కల పల్లెలు తిరుగుతుంది. వేటకని బయలుదేరిన దేవుడు ఆ పల్లెల్లో చేసే పని తన పెళ్లికి పిలవడం. చెంచులక్ష్మిని చేసుకున్న అల్లుడని చెంచులు ఆయన్ను తమవాడిగా చూసుకుంటారు. రక్తంలో వేట ఉందని చెప్పుకునేవాళ్లు ఈ వేటను కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఇక కడుపు కోసం వేటాడినవాళ్ల సంగతి వేరు. దీమపు పిట్టను పెట్టి కౌజుల్ని పిలిచినవాడికి కౌజు ఎప్పుడు కూస్తుందో, ఎప్పుడు గుడ్లు పెడుతుందో, ఏ గడ్డిలో పడుకుంటుందో తెలుసు. ఈ రోజు అది కూడా నేరమే, దాన్ని నేను వెనకేసుకు రావడం లేదు. కానీ పిట్ట పేరు తెలియకుండా పిట్టను కొట్టి, దాని కాళ్లు పట్టుకుని ఫొటో దిగేవాడు వాళ్ల వారసుడు కాడు. అతని వంశం వేరు. ఖాకీ చొక్కా, తలకు టోపీ, చేతిలో కర్ర తుపాకీ, నోట్లో కోతలు, ఊరూరా తిరిగి జనాన్ని నవ్వించిన పిట్టలదొర వంశం. పిట్టలదొరకు ఒక గౌరవం దక్కాలి, ఆయన కర్ర తుపాకీ ఏ పిట్టనూ కుంటిదాన్ని చేయలేదు.

కౌజు కూర రుచి కోసమే అయితే ఫారాల్లో పెంచిన పిట్టల్ని కౌజులనే పేరుతో ఎక్కడైనా అమ్ముతున్నారు. కొనుక్కు తినొచ్చు. సీసం ముక్కలు పంటికి తగలవు కూడా.

పంట సంగతి మాత్రం నవ్వుతాలు కాదు. శనక్కాయ చేనులో అడవిపందులు ఒక్క రాత్రిలో చేసే నాశనం చూసినవాడికి నా పిట్టల బాధ ఒంటికి పట్టదు, అందులో అతని తప్పు లేదు. జొన్న కంకి మీద వాలే పిట్టల్ని మంచె మీదినుంచి వడిసెలతో, డబ్బా చప్పుళ్లతో తోలిన కాలం మా అమ్మమ్మకు తెలుసు. ఇప్పుడు మంచె ఎక్కి రోజంతా కూర్చునే మనిషి దొరకడు. సరే, అయితే పందికి ఎయిర్ గన్ను ఏం చేస్తుంది? తోలు కింద ఓ సీసం ముక్క పెట్టి రెచ్చగొడుతుంది. ఆ రాత్రి చేను గట్టున ఎదురుపడేది ఆ పందే. పంటకు చేటు చేసే జంతువు విషయంలో ఆ 1972 చట్టమే 11వ సెక్షన్లో ఒక దారి పెట్టింది. నిలబడి ఉన్న పంటకు ప్రమాదమని అటవీ అధికారి నమ్మితే కారణాలు రాసి, రాతపూర్వకంగా అనుమతి ఇవ్వొచ్చు. ఆ కాగితం రైతు దాకా రావడానికి ఎంత నడవాలో, అటవీ ఆఫీసు మెట్లు ఎన్నిసార్లు ఎక్కాలో నాకు తెలుసు. కోపం ఉంటే ఆ నడక మీద ఉండాలి, ఆ దారి సులువు చేయమని అడగాలి. రైతు కష్టం పేరు చెప్పి సంచీలో గన్ను వేసుకుని కోటకు వచ్చే కుర్రాడికి చేనే లేదు. పావురాలు శనక్కాయ పీకవు.

ఈ కడప జిల్లాలో తుపాకీ పట్టేవాడికి గుర్తుండాల్సిన పిట్ట ఒకటుంది. జెర్డన్ అనే వైద్యుడు పందొమ్మిదో శతాబ్దంలో లోకానికి తెలియజేసిన కలివికోడి. 1900లో అనంతపురం దగ్గర కనిపించాక మాయమైంది. అయిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో సిద్ధవటం వైపు కలివిపొదల్లో మళ్లీ దొరికింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ వెతుకుతుంటే, చివరికి రాత్రిపూట దాన్ని పట్టి తెచ్చింది ఒక ఊరి వేటగాడు. అడవిని చదవగలిగిన ఆ కళ్లకు తుపాకీ అవసరం పడలేదు. దానికోసమే లంకమల అభయారణ్యం వచ్చింది, తెలుగు గంగ కాలువ కూడా దారి మార్చుకుంది. రాత్రి తలకు లైటు కట్టుకుని పొదల్లో చెవులపిల్లిని వెతికేవాడి వెలుగులో ఆ పిట్ట నిలబడితే ఎలా ఉంటుందో తెలుసా? పరుగెత్తే ఒక మట్టిరంగు పిట్ట, అంతే. పూరేడుకూ దానికీ తేడా చూసేంతలో ట్రిగ్గర్ అయిపోతుంది. కర్నూలు పక్క రోళ్లపాడులో బట్టమేక కోసం అభయారణ్యం కట్టుకున్నాం, ఇప్పుడు బట్టమేక కనబడడమే గగనం. దానికి కారణాలు చాలా ఉన్నాయి, అన్నీ ఎయిర్ గన్నులు కావు. కానీ ఉన్న నాలుగింటిని ఊరికే కొట్టడానికి ఒక సరదా కూడా తోడవ్వాలా?

అరుణాచల్ ప్రదేశ్‌లో చాలా ఇళ్లలో ఎయిర్ గన్ను ఉండేది, వేట వాళ్లకు మనకన్నా దగ్గరి ఆచారం. 2021 మార్చిలో అక్కడి అటవీ మంత్రి మామా నాతుంగ్ గన్నులు తెచ్చి ఇచ్చేయమని అడిగాడు. ఏడాది తిరక్కముందే పదహారు వందలకు పైగా గన్నులు వచ్చిపడ్డాయి. ఆ ఏడాది డిసెంబర్లో ప్రధాని రేడియో ప్రసంగంలో ఆ సంగతి చెప్పాడు. మన దగ్గర అలా అడిగినవాడెవరో నాకు గుర్తులేదు.

గన్నులన్నీ ఇచ్చేయమని నేనూ అనను. ఎయిర్ రైఫిల్ అందమైన వస్తువు. పది మీటర్ల దూరంలో కాగితం, మధ్యలో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. ఒలింపిక్స్‌లో కొట్టేది దాన్నే. ఆ రైఫిళ్ల శక్తి ఏడెనిమిది జౌళ్లు, మన కుర్రాడు చూసి నవ్వే అంకె. దాంతోనే 2008లో అభినవ్ బింద్రా బంగారం తెచ్చాడు, 2012లో హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ కంచు తెచ్చాడు. కొనాలనుకునేవాడు స్పీడు అంకె చూడడం మాని ట్రిగ్గర్ ఎంత మెత్తగా కదులుతుందో చూడాలి. స్ప్రింగుకు పెట్టే డబ్బులతో నాలుగైదు రకాల పెల్లెట్లు కొని ఏది ఆ గొట్టానికి నచ్చుతుందో కాగితం మీద తేల్చుకోవాలి. ఒక గన్నుకు నచ్చిన పెల్లెట్ పక్క గన్నుకు నచ్చదు, ఒకే రకం గన్నులైనా సరే.

ఆ కుర్రాడితో ఈ మాటలన్నీ అనలేదు. మర్నాడు తీసుకురా అన్నాను. కోట కింద, అతని స్నేహితుడి బీడు పొలంలో, ఎత్తైన మట్టిగట్టు ముందు కాగితం పెట్టాం. దాని మీద రూపాయి బిళ్ల పెట్టి చుట్టూ పెన్సిల్ తిప్పాను. ముప్పై మీటర్లు అడుగులతో కొలిచాం. పది పెల్లెట్లు. నవ్వుకుంటూ పడుకున్నాడు. మొదటిది కాగితానికే తగల్లేదు. పది అయ్యాక పోయి చూస్తే గీత లోపల మూడు, కాగితం మీద అక్కడక్కడా ఐదు, మట్టిలో రెండు. వేలు పెట్టి ఒక్కొక్క రంధ్రం లెక్కపెట్టాడు. గీతకు అంగుళం పక్కన పడినదాని మీద వేలు ఆపి, "ఇది యాడ తగిలుండునునా?" అన్నాడు. "తొడకు" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "సాయంత్రం గాలి తగ్గినాక ఇంకోటి పెడదామునా" అన్నాడు.

గండికోటలో సాయంత్రం గాలి తగ్గదు. ఆ సంగతి అతనికి నేను చెప్పలేదు, కాగితాలు మాత్రం నాలుగు తీసుకుని వెళ్లాను.